పంపుగది తోడు

పదకొండో గనిలో తొట్టిగది చూస్తున్న మిత్రులకు,

మీ తొట్లు కూడా పల్చబడుతున్నాయని, మేం ఎలా గట్టెక్కామో రాయమని కేంద్రం ద్వారా కబురు పంపారు. నాకు విడమరిచి చెప్పడం రాదు. చదివింది ఆరో తరగతి. తొట్టిగదికి రాకముందు గాలిపంకాలు బాగుచేసేవాణ్ని. ఈ పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నదే. అయితే గని మొదలైనప్పటినుంచి, అంటే తొమ్మిదేళ్లుగా, ఏ రోజు లెక్క ఆ రోజు రాసి పెడుతున్నాను. అందులోంచి కావలసినవి ఎత్తి రాస్తున్నాను. అప్పట్లో రాయకుండా వదిలేసిన మాటలు కొన్ని ఇప్పుడు కలిపాను. ముందే చెబుతున్నాను, మా దగ్గర అందరూ బాగున్నారు. చదివేటప్పుడు కంగారు పడకండి.

మీ గరిట లెక్క వేరే కావచ్చు. మా దగ్గర తోడుకున్న తొట్టిలో ఇనుప గరిట నిలబెట్టి, ఇరవై లెక్కపెట్టేదాకా పడకపోతే గట్టి అని రాస్తాం. అంతకు ముందే పడితే పల్చన.

రోజు 3,286

పైన 53 డిగ్రీలు. గనిలో 31. దీపాల కింద పండిన గింజలు అరవై కిలోలు నానాయి. రుబ్బి, పిండి, కాచి, మూడు తొట్లలో ఒక్కోదాంట్లో నూట యాభై లీటర్ల గింజపాలు పోశాను. ఒకటో తొట్టి గట్టి. రెండు గట్టి. మూడో తొట్టిలో గరిట తొమ్మిదికే పడింది. వేడినీళ్ల గొట్టం చూశాను, బాగానే ఉంది. పల్చగా ఉన్నదాన్ని మజ్జిగ అని చెప్పి పంచాను. 412 మందిలో ఎవరూ ఏమీ అనలేదు.

రోజు 3,287

రెండు, మూడు పల్చన. గడువుకు నాలుగు రోజుల ముందే శుద్ధి చేశాను. మనందరిదీ ఒకే నియమాల పుస్తకం కాబట్టి శుద్ధి అంటే మీకు తెలుసు. తొట్లు ఖాళీ చేసి ఆవిరి పట్టాలి, గోడలకు సున్నం వెయ్యాలి, చలిపెట్టెలోంచి కేంద్రం సీలు వేసిన కొత్త సీసా తియ్యాలి. గనులు మొదలైనప్పుడు కేంద్రం వాళ్లు ఎంచి దాచిపెట్టిన తోడే ఏటేటా ఆ సీసాల్లో వస్తుంది.

రెండో షిఫ్టు దిగేసరికి మూడూ గట్టి. అవసరం లేకపోయినా నలభై దాకా లెక్కపెట్టాను.

రోజు 3,290

మూడూ పల్చన. శుద్ధి చేసి మూడు రోజులే అయింది.

గనిపెద్ద మొగిలయ్య మైకులో చెప్పించాడు. ఎవరూ ఇంట్లో పెరుగు మిగల్చకూడదు, గిన్నెలు సున్నపునీళ్లతో కడిగి అప్పగించాలి. ఇది మొదటినుంచీ ఉన్న నియమమే. ఇల్లిల్లూ తిరిగి తనిఖీ చేసే పని కూడా నాదే. ఇవాళ నలభై మూడు ఇళ్లు చూశాను. అంతా శుభ్రంగా ఉంది.

రోజు 3,291

కేంద్రంలో సీసాల తోడు చూసే నస్రీన్ మేడంతో తీగ మీద, తెరలో మొహం చూస్తూ మాట్లాడాను. ఆవిడ చెప్పినట్టే పల్చబడిన తొట్టి నీళ్లను సన్నరంధ్రాల పింగాణీ వడపోతలో వడగట్టాను. అందులోంచి బాక్టీరియా కూడా దిగదట. గాజు పలక మీద సీసా తోడును పల్చగా పట్టించి, పైన ఆ నీళ్లు చుక్కలు చుక్కలుగా పెట్టి, వెచ్చగా ఉంచాను. ఆరు గంటలకు పలకంతా తెల్లగా పూత కట్టింది. చుక్క పెట్టిన చోటల్లా గుండ్రటి చిల్లు పడింది.

పలకను తెరకు చూపించాను. మేడం ఎక్కువసేపు చూడలేదు. ఇది తోడును తినే వైరస్, మనుషులను ఏమీ చెయ్యదు, ఇంకా గట్టిగా శుద్ధి చెయ్యమని చెప్పారు.

రెండుసార్లు ఆవిరి పట్టాను. గొట్టాలు విప్పి కడిగాను. కొత్త సీసా.

రోజు 3,293

నిన్న గట్టిపడింది ఇవాళ్టికి లేదు. పల్చన కూడా కాదు, పోసిన పాలు పోసినట్టే ఉన్నాయి. కొత్త సీసా ఒక్కరోజు ఆగింది. ఉన్న సీసాలు నాలుగు.

మొగిలయ్య ఎండు నిల్వ ఎంతుందని అడిగాడు. జొన్న అటుకులు పదిహేను రోజులకు వస్తాయని చెప్పాను. నిల్వ పన్నెండు రోజులకు దిగితే పిల్లల బండిని పిలవాలని పుస్తకంలో ఉంది. ఐదేళ్లలోపు పిల్లలను, వాళ్ల తల్లులను బండెక్కించి కేంద్రానికి పంపాలి. నూట అరవై కిలోమీటర్లు, పైన, రెండు రోజుల ప్రయాణం. రోజు 1,904న మా గనినుంచి ముప్పై ఒక్కమంది బయల్దేరారు. ఇరవై నలుగురు చేరారు. ఆ లెక్క రాసింది నేనే.

ఈసారి జాబితాలో పిల్లలు ఇరవై రెండు మంది. పదిహేడో పేరు మిన్ను. నా కూతురు సుగుణ బిడ్డ. పదకొండు నెలలు.

అన్నం దగ్గర సుగుణ ఎన్ని రోజులుందని అడిగింది. చూద్దాం అన్నాను.

"చూసుడేంది నాయినా, లెక్క నీ దగ్గరనే ఉంటది గద" అంది.



రోజు 3,294

తోడుపడని గింజపాలు కడుపులో ఇమడవు. వేరే దారి లేక రెండు రోజులుగా అందరికీ పచ్చిపాలే కాచి ఇస్తున్నాను. దవాఖానాలో కడుపునొప్పి వాళ్ల పేర్లు అరవై ఒకటి. ఏ ఇళ్ల వరుసలో ఎక్కువుందో తెలుస్తుందని ఆ పేర్లను వరుసలవారీగా రాసుకున్నాను. ఒకటో వరుసలో పద్దెనిమిది. రెండులో ఇరవై ఒకటి. మూడులో పదహారు. బడి వరుసలో ఆరు. పంపుగదిలో సున్నా.

పంపుగది గనికి అట్టడుగున ఉంటుంది. అక్కడ ఊరే నీటిని పైకి తోడెయ్యడానికి ఆరుగురు దిగి రెండేసి రోజులు అక్కడే ఉంటారు. వాళ్లకూ పచ్చిపాలే ఇచ్చాను. పైగా, నా పుస్తకంలో ఉంది, నిన్న ఇంకో రెండు లీటర్లు కావాలని అడిగి మరీ తీసుకెళ్లారు. పచ్చిపాలు చాలవని అడిగినవాళ్లు గని మొత్తంలో వాళ్లే.

రోజు 3,295

తొట్టిగది తాళం వేసి పంపుగదికి దిగాను. మూడు వందల మెట్లు.

అక్కడ మేస్త్రి బానక్క. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. నన్ను చూడగానే పానా కింద పెట్టింది.

"సున్నం డబ్బ తెచ్చినవా ఓదెలన్నా?"

మిగతా ఐదుగురూ మొహాలు తిప్పుకుని నవ్వారు. ఆమె అలా అడగడానికి కారణముంది. మూడో ఏడు తనిఖీకి దిగినప్పుడు ఆమె సద్ది డబ్బాలో మిగిల్చిన పెరుగు కనబడితే అక్కడికక్కడే అందులో సున్నపునీళ్లు పోశాను. పేరు రాసి పైన ఇచ్చాను. ఆమెను పది రోజులు పనిలోకి రానివ్వలేదు.

తేలేదని చెప్పాను. మరెందుకు వచ్చావంది. మీ ఆరుగురికీ కడుపునొప్పి ఎందుకు రాలేదో అడగడానికి వచ్చానన్నాను.  పంపు ఒక్కటే కొట్టుకుంటోంది.

నేను ఇంటి సంగతులు బయట మాట్లాడే మనిషిని కాను. అయినా గొట్టం మీద కూర్చుని, పిల్లల బండి జాబితాలో పదిహేడో పేరు మా మిన్నుదని చెప్పాను. 

బానక్క లేచింది. మోటారు వెనక వెచ్చటి సందులోకి చెయ్యి పెట్టి ఒక అల్యూమినియం డబ్బా తీసింది. మూత తీస్తే పులిసిన వాసన, దాంతోపాటు గ్రీజు వాసన. పైన పసుపు మీగడ. వేలు పెట్టి ఎత్తితే తీగలు సాగింది. గట్టిగా ఉంది. పది రోజులుగా నేను చూడనంత గట్టిగా ఉంది.

"ఆ పొద్దు నువ్వు నా డబ్బ చూసినవ్ గానీ, మా లింబన్న డబ్బ నీకు కనవడలే" అంది, ఆ ఐదుగురిలో ఒకతన్ని చూపిస్తూ. "గని మొదలైనప్పటి తోడు ఇది. నిన్నటిది ఇయ్యాల్టికి, ఇయ్యాల్టిది రేపటికి. రెండొద్దులు ఇక్కడనే పడుంటం, పైనించి తెచ్చిన పెరుగు ఒక్కపూటకే అయిపోతది. ఏం జెయ్యాలె మరి? పాలు పోసి తోడేసుకున్నం."

ఇది ఎప్పుడూ పల్చబడలేదా అని అడిగాను.

"ఎందుకు కాలే? మస్తుసార్లయింది. నీళ్లలెక్కయితది. అయితే తాగుతం, అడుగున మిగిలినదాంట్లనే మళ్ల పాలు పోస్తం. రెండొద్దులకు అదే గట్టిపడతది. నీకు చెప్తే నువ్వు సున్నం తెస్తవని చెప్పలే."

సగం డబ్బా నా గిన్నెలోకి వంచింది. మెట్లెక్కుతుంటే వెనకనుంచి, పేరు రాసుకుంటే లింబన్నది కూడా రాసుకో, నాదొక్కటే రాస్తే ఊకోను అంది.

ఎవరి పేరూ రాయలేదు.

రోజు 3,296

బానక్క డబ్బా పెరుగు నీళ్లు కూడా వడగట్టి నాలుగు పలకలు పెట్టాను; పంపుగది నీళ్లు అంటే అవే. ఏ రెండింటిని కలిపితే ఏమైందో అలాగే రాస్తున్నాను.

సీసా తోడు మీద తొట్టి నీళ్లు: అన్నీ చిల్లులు.

సీసా తోడు మీద పంపుగది నీళ్లు: చిల్లులు కలిసిపోయి పలక సగం ఖాళీ.

పంపుగది తోడు మీద తొట్టి నీళ్లు: ఒక్క చిల్లు లేదు.

పంపుగది తోడు మీద పంపుగది నీళ్లే: రెండు మూడు చోట్ల మసక. అంతే.

రెండో పలక చూసి భయపడ్డాను. బానక్క డబ్బాలో మా తొట్లలో కంటే ఎక్కువ వైరస్ ఉంది. నాలుగూ నస్రీన్ మేడంకు చూపించాను. ఆవిడ ఈసారి చాలాసేపు చూశారు. మూడో పలకను మళ్లీ చూపించమన్నారు. వెలుతురుకు ఎత్తి పట్టమన్నారు.

"ఓదెలు గారూ, ఆ డబ్బాలో తోడూ వైరస్సూ తొమ్మిదేళ్లుగా కలిసి పెరిగాయి" అన్నారు. "అది కొత్తగా పట్టుకోవడం నేర్చుకున్నప్పుడల్లా ఇది కొత్తగా తప్పించుకుంది. మొత్తం చంపేస్తే దానికీ బతుకు లేదు కదా. అందుకే రెండూ ఇంకా ఉన్నాయి."

అప్పుడు నాకు మా తొట్లలో జరిగింది అర్థమైంది. నేనెంత కడిగినా వైరస్ గోడ పగుళ్లలో, గొట్టాల అతుకుల్లో ఎంతో కొంత మిగిలే ఉంది. మిగిలినది రోజు రోజుకూ నేర్చుకుంటూనే ఉంది. నేర్చుకునే అవకాశం లేనిది తోడుకే. అది కాస్త దెబ్బ తిని తేరుకునే లోపల నేనే ఆవిరి పట్టి చంపి, తొమ్మిదేళ్లుగా చలిపెట్టెలో నిద్రపోతున్నదాన్ని తెచ్చి దాని ముందు నిలబెట్టేవాణ్ని. ప్రతి పదో రోజూ అదే చేశాను. పుస్తకంలో శుద్ధి అని రాసి ఉన్న చోటల్లా టిక్కు పెట్టుకున్నాను. మూడు వందల ఇరవై తొమ్మిది టిక్కులు.

డబ్బాలోది తొట్టిలో వెయ్యవచ్చా అని అడిగాను.

సీలు లేని తోడు తొట్టిలో పడితే ఆ గనికి ఇకపై సీసాలు పంపకూడదని నియమమట. వెయ్యమని చెప్పే అధికారం ఆవిడకు లేదు. వద్దని చెబితే అది రికార్డులో పడుతుంది. ఇవి చెప్పి, కుర్చీలోంచి లేచారు.

"నేను చాయ్ తాగొస్తా. అరగంట ఈ తీగ మీద ఎవరూ ఉండరు. ఒకేసారి మూడూ కాకుండా ఒక్క తొట్టితో మొదలుపెడితే బాగుంటుందని ఎవరైనా అనుకోవచ్చు. నేనైతే ఏమీ అనలేదు."

మొగిలయ్యకు చెప్పాను. నిల్వ పన్నెండుకు దిగింది, బండికి కబురు పొద్దున్నే వెళ్లిపోయిందన్నాడు. ఉన్న తోడు చెడి, సీసాలూ ఆగిపోతే గనికి జవాబు ఎవరు చెబుతారని అడిగాడు. నేను చెబుతానన్నాను. సరే, పుస్తకంలో నీ సంతకం పెట్టు అన్నాడు. పెట్టాను.

రెండో షిఫ్టులో ఒకటో తొట్టిలో నూట యాభై లీటర్ల గింజపాలు పోసి, బానక్క ఇచ్చిన సగం డబ్బా కలిపాను.

రోజు 3,297

ఒకటో తొట్టి గట్టి.

మూతికి గుడ్డ కట్టుకుని తెరిచాను, వాసన గురించి భయపడి. అంత ఏమీ లేదు. గరిట ఇరవై దాటినా పడలేదు. బయటకు లాగితే తీగలు సాగింది. నేనే ముందు తిన్నాను, గంట ఆగాను, తర్వాత పంచాను. మనిషికి ఒక చిన్న గిన్నెడే వచ్చింది. రెండో వరుస పిల్లలు దీనికి చీమిడి పెరుగు అని పేరు పెట్టారు. పెద్దవాళ్లు ఆ పేరు విని ఒకరిద్దరు గిన్నె పక్కన పెట్టి, మళ్లీ తీసుకున్నారు.

మిన్ను మూడు చెంచాలు తిని నాలుగోది సుగుణ చీర మీద ఉమ్మింది.

దవాఖానాలో కొత్త పేర్లు నాలుగు. నిన్న ఇరవై ఆరు.

రోజు 3,298

ఒకటో తొట్టినుంచి తీసి మూడింటిలోనూ వేశాను. మూడూ గట్టి. 412 మందికీ నిండుగా పంచాను. మిగిలినది పారబొయ్యలేదు, తొట్టి అడుగునే ఉంచాను. తొమ్మిదేళ్లలో నేను కడగని తొట్లు ఇవే. చేతులకు ఏం పని చెప్పాలో తెలియక గరిట రెండుసార్లు తోమాను.

ఇంటికెళ్లి తొమ్మిది గంటలు నిద్రపోయాను. సుగుణ లేపలేదు.

బండి కేంద్రంనుంచి బయల్దేరిందని తీగ మీద చెప్పారు. మూడు తొట్లూ వరసగా నిలిస్తేగాని జాబితా రద్దు చెయ్యనని మొగిలయ్య అన్నాడు. అది న్యాయమే.

రోజు 3,299

మూడూ పల్చన. గరిట నాలుగుకు, ఐదుకు, నాలుగుకు పడింది.

పొద్దున్నే పలకలు పెట్టాను. జవాబుకు ఆరు గంటలు ఆగాలి. మొగిలయ్య అంతసేపు ఆగేలా లేడు. రేపు బండి వస్తుంది. ఇంకా నాలుగు సీసాలున్నాయి, ఇప్పుడే ఆవిరి పట్టి సీసా తోడు వేస్తే ఒక్కరోజైనా గట్టిగా వస్తుంది, ప్రయాణానికి ముందు పిల్లలకు ఒక పూట కడుపు నిండుతుందని అన్నాడు.  ఆవిరి చక్రం మీద చెయ్యి పెట్టాను. తొమ్మిదేళ్లుగా ఆ చెయ్యి తానే అక్కడికి పోతుంది.

బానక్క షిఫ్టు దిగి పెరుగు వరసలో గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. వరస వదిలి లోపలికి వచ్చింది.

"ఏం జేస్తున్నవ్ అన్నా?"

పల్చబడిందని చెప్పాను.

"అయితే?"

రేపు బండి వస్తుందని చెప్పాను. తొట్టిలోకి తొంగిచూసి, నా చేతిలోని గరిటతో కొంచెం తీసి తాగింది.

"మా డబ్బల ఉన్న పురుగులు వేరు, నీ గోడలల్ల ఉన్నయి వేరు. కొత్త చోటుకొచ్చింది, తెలుసుకోవద్దా? మాకు గిట్ల ఎన్నిసార్లయిందో నీకు చెప్పిన గద. మరగబెడితే మళ్ల పుట్టించుడు నీతోని గాదు, నాతోని గాదు. నీళ్లయినా సరే, గిన్నెల పొయ్యి. తాగుతం. దీన్ని మాత్రం ఇడిసిపెట్టకు."

మొగిలయ్య ఆమెను పంపులు చూసుకొమ్మన్నాడు. పంపులు మంచిగనే ఉన్నయి, నీళ్లు మోకాళ్లదాకా వస్తే చెప్తా అంది. అతను నా వైపు తిరిగి, సంతకం నీదే కదా, నువ్వే చెప్పు అన్నాడు.

పలకలు పండేదాకా ఆగుదామన్నాను.

ఆ ఆరు గంటలూ ఏం చేశానో పుస్తకంలో లేదు. పల్చటి నీళ్లే గిన్నెల్లో పోసి పంచినట్టున్నాను. వరసలో ఎవరూ గొడవ చెయ్యలేదు. బానక్క తన గిన్నె అందరి ముందూ ఎత్తి తాగి, ఇంకొకటి పొయ్యమంది.

ఆరు గంటలకు చూశాను. మొన్నటి తోడు ఒక చెంచా చలిపెట్టెలో దాచి ఉంచాను. దాని మీద ఇవాళ్టి నీళ్లు పెడితే చిల్లులు, ఒక్కోటి పప్పుబద్దంత. మొన్న గట్టిగా ఉన్నదాన్ని ఇవాళ్టి వైరస్ తినేస్తోంది. అక్కడిదాకా చూస్తే మొగిలయ్య చెప్పిందే నిజం. తర్వాత ఇవాళ్టి తోడు పట్టించిన పలక తీశాను. దాని మీదా చిల్లులున్నాయి. అయితే ప్రతి చిల్లు మధ్యలోనూ గసగసాల్లా తెల్లటి చుక్కలున్నాయి. ఒకదాంట్లో నాలుగు, ఒకదాంట్లో ఏడు. వైరస్ అంతా తినేసిన చోట, దాని మధ్యలోనే, తినలేకపోయినవి లేచి పెరుగుతున్నాయి.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాను. మొగిలయ్యను పిలిచి చూపించాను. ఇంత చిన్నవా అన్నాడు. పొద్దున ఇవి అసలు లేవన్నాను.

చక్రం ముట్టుకోలేదు. ఆ పల్చటిదాంట్లోనే మూడు తొట్లకూ కొత్త గింజపాలు పోశాను.

రోజు 3,300

గరిట పదకొండుకు, పదమూడుకు, పదకొండుకు పడింది. పల్చన అనే రాశాను. మొగిలయ్య నిన్నటి అంకెలు అడిగి, వేళ్లమీద తీసివేత చేసుకుని వెళ్లాడు.

రెండో షిఫ్టులో బండి వచ్చింది. నడిపేది యాకూబ్. వేడి కవచం విప్పాక, నీళ్లు తాగకముందే, పిల్లలు ఇరవై రెండు మందేనా అని అడిగాడు.

రోజు 3,301

ఒకటి గట్టి. రెండు గట్టి. మూడు గట్టి.

అరవై దాకా లెక్కపెట్టాను. వెనక నిలబడ్డ మొగిలయ్య నాతోపాటు పైకే లెక్కపెట్టాడు. అరవై తర్వాత ఆపాడు. పలక కూడా చూశాను. ఇవాళ్టి నీళ్లు నిన్నటి తోడును కొరికాయి, ఇవాళ్టి తోడు మీద మసక తప్ప ఏమీ లేదు. జాబితా రద్దని మైకులో చెప్పారు. చెప్పిన తర్వాత వరుసల్లో ఎవరూ అరవలేదు. తలుపులు తెరుచుకున్న చప్పుళ్లు మాత్రం చాలాసేపు వినబడ్డాయి. అందరూ ఒకరింటికొకరు పోతున్నారు.

ఇక్కడ ఆగి మీకు పనికొచ్చేది రాస్తాను. ఈ బండిలోనే మా తోడు ఒక డబ్బా కేంద్రానికి పంపుతున్నాను, అక్కడినుంచి మీకు చేరుస్తామన్నారు. దాంట్లో మా వైరస్ కూడా ఉంటుంది, విడదీయాలని చూడకండి. మీ గోడల్లో ఉన్నవి వేరు కాబట్టి ఇది మీ దగ్గర కనీసం ఒకసారి పల్చబడుతుంది. అప్పుడు ఆవిరి పట్టకండి. ఇది చేరేలోపు మీ గనిలో కూడా వెతకండి. రెండు మూడు రోజులు ఇల్లు చేరకుండా పనిచేసేవాళ్లు ఎవరో వాళ్ల దగ్గరకు వెళ్లండి. చేతిలో సున్నం లేకుండా వెళ్లండి. సీసాల సంగతి కేంద్రంలో మాట్లాడుతున్నామని నస్రీన్ మేడం చెప్పారు. మాకైతే ఇంతవరకు ఏ కాగితమూ రాలేదు.

ఇక యాకూబ్ గురించి. పెరుగన్నం పెడితే రెండుసార్లు అడిగి తిన్నాడు. తీగలు సాగుతున్నాయేమిటని అడగలేదు. తిన్నాక నన్ను బండి దగ్గరకు తీసుకెళ్లాడు. లోపల జాబితా లెక్కకు ఇరవై రెండు చిన్న కుర్చీలు రెండు వరసల్లో బిగించి ఉన్నాయి, తల్లులకు మధ్యలో నేలే. ఒక్కోదానికి మెత్త, నడుముకు ఒకటీ భుజాలకు రెండూ పట్టీలు. రోజు 1,904న బండి నడిపింది కూడా తనేనని అప్పుడు చెప్పాడు. అప్పుడు పెద్దవాళ్ల సీట్లే ఉండేవి, పిల్లలకు పట్టీలు ఆనలేదు. తిరిగొచ్చాక ఏడాదిపాటు, పని లేనప్పుడల్లా, ఇవి చేసుకుంటూ కూర్చున్నాడు. ఇప్పటిదాకా ఎవరూ వీటిలో కూర్చోలేదు.

"ఇప్పండ్రి వీటిని" అన్నాడు. "ఇక్కడనే ఉంచుకోండ్రి, బడిల ఏసుకోండ్రి. ఎనకకు తిరిగి చూసినప్పుడల్లా ఇవి కనవడితే నేను నడపలేను."

పానాలు తెచ్చాను. మొగిలయ్య కూడా చొక్కా చేతులు మడిచాడు. కుర్చీకి నాలుగు చొప్పున ఎనభై ఎనిమిది బోల్టులు. సుగుణ చూడటానికి వచ్చి, విప్పిన కుర్చీల్లో ఒకదాంట్లో మిన్నును కూర్చోబెట్టింది. పట్టీ కొరుకుతూ అందులోనే ఉండిపోయింది. తియ్యబోతే ఏడిచింది. అలా కుర్చీతో సహా ఎత్తుకుని బడి వరుసకు మోసుకెళ్లాం, నేనొక వైపు, సుగుణ ఒక వైపు.   కుర్చీ బరువు తక్కువే.

యాకూబ్ సాయంత్రం ఎండ దిగాక బయల్దేరాడు. పైతలుపు దాకా వెళ్లాను. బండి లోపల నేల మీద బోల్టుల గుంతలు తప్ప ఏమీ లేవు. ముందు సీటు పక్కన గుడ్డ చుట్టిన డబ్బా ఒకటి. అతను కవచం బిగించుకుంటూ ఒకసారి వెనక్కి తిరిగి ఆ ఖాళీ అంతా చూశాడు.

"తొమ్మిదేండ్లాయె నడపవట్టి. ఖాళీగ పోవుడు ఇంత మంచిగుంటదని తెల్వదన్నా" అన్నాడు.